కొసరుగా వచ్చిన కాలం

ఆ రోజుల్లో మా డోన్‌లో కోపం తెచ్చుకోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు, ఎండ ఒక్కటి చాలు. కానీ ముప్పై ఏళ్లుగా నా దగ్గర నిలవ ఉన్న కోపానికి ఎండతో సంబంధం లేదు (ఎండబెట్టకపోవడంతో ఉంది, ఆ సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది). అది ఒక మనిషి మీద కోపం కాదు, దేశం మీద కోపం కాదు. ఫ్రెంచి భాషలో ఒక క్రియాకాలం మీద కోపం. నవ్వకండి. పక్కకొట్టు వాడి మీద కోపమంటే లోకం అర్థం చేసుకుంటుంది. వ్యాకరణం మీద పళ్లు కొరికినవాణ్ణి మాత్రం మా బజారు నన్నొక్కణ్ణే చూసింటాది. అదిగో, ఆ 'చూసింటాది' అన్నానే, నా కొంప ముంచింది సరిగ్గా అలాంటి మాటే.

మా మామ, అంటే అమ్మకు అన్న, నన్ను పెంచినవాడు, స్టేషన్ ఎదురుగా బుడ్డల వ్యాపారం చేసేవాడు. వేరుసెనగను మా సీమలో బుడ్డలంటారు. ఏటా పంట చేతికొచ్చే రోజుల్లో పుదుచ్చేరి నుంచి ఒక ఫ్రెంచి దొర గొడుగు వేసుకుని దిగేవాడు. ఆయనకు తెలుగు రాదు, మా మామకు తెలుగు తప్ప ఇంకేదీ రాదు. మధ్యలో ఒక దుబాసి. ఆ దుబాసి మా మామ రెండు ముక్కలు మాట్లాడితే దొరకు పది ముక్కలు చెప్పేవాడు, దొర పది ముక్కలు మాట్లాడితే మాకు రెండు చెప్పేవాడు. మిగిలిన ఎనిమిది ముక్కలు వాడేం చేసుకుంటున్నాడని మామకు ఏళ్ల తరబడి అనుమానం. ఒకనాడు నన్ను పిలిచి, "అల్లుడూ, ఈ ఏడు పుదుచ్చేరిలో మనమూ ఒక కొట్టు పెడతాండాం. నువ్వు ఆ బాస నేర్చుకో. ఈసారి దొరతో బేరం నీ నోటితో జరిగితే ఆ కొట్టు నీదే" అన్నాడు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. కోడుమూరు దాటి లోకం చూసినవాణ్ణి కాదు. సముద్రం పక్కన కొట్టు, పైన నా పేరు పలక. ఆ రాత్రి కలలో నేనే ఓడ ఎక్కేశాను.

మా ఊళ్లో ఫ్రెంచి వచ్చిన మనిషి ఒక్కడే, యానాం అయ్యవారు. అక్కడి ఫ్రెంచి కచేరీలో పనిచేసి రిటైరై, రైల్వేలో పనిచేసే అల్లుడి ఇంట్లో ఉండేవాడు. మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ'. చదువుకు గురుదక్షిణ అంటారు లోకులు. మా ఇంట్లో పుట్టినవాడికి చదువైనా సరుకే. వెళ్లగానే అడిగాను, ఫ్రెంచిలో మొత్తం ఎన్ని కాలాలని. పద్నాలుగు దాకా ఉన్నాయండీ, ఒక్కో కాలానికి రెండు సేర్ల బుడ్డల నూనె ఇప్పించండి అన్నాడు. నేను లేచి నిలబడ్డాను (బేరంలో లేచి నిలబడడం సగం పని).

"మా సీమలో ఉండేదే ఒక కాలం అయ్యవారూ, ఎండాకాలం. మీ దగ్గర పద్నాలుగు కొని యాడ పెట్టుకోవాల? మూడు చాలు. నిన్న, ఈరోజు, రేపు. ఒక్కోదానికి ఒక సేరు."

ఆయన ముఖం ఎర్రబడింది. కానీ నూనె నూనే కదా, ఒప్పుకున్నాడు. మూడు కాలాలూ నెలన్నరలో తూచి ఇచ్చాడు. చివరి రోజు నేను కదల్లేదు. ఏ కొట్లోనైనా తూకం అయ్యాక చారెడు కొసరు వేస్తారు, కొసరు లేకుండా లేస్తే మా వంశంలో పరువు తక్కువ. అయ్యవారు తల పట్టుకుని, ఇంకొకటుందండీ, భవిష్యత్తులో భూతకాలం అన్నాడు. రేపటిలో దూరిన నిన్న అన్నమాట. రేపు ఫలానా వేళకు ఫలానా పని అప్పటికే అయిపోయి ఉంటుందని చెప్పడానికి వాడతారట. 'కలిగి ఉండు' అనే క్రియకు భవిష్యత్తు చెప్పి, దాని వెనక అయిపోయిన పనిని తగిలించాలట. జోరే వాందూ అంటే, అమ్మేసి ఉంటాను.

"మీ వైపు 'అమ్మింటా' అంటారు చూడండి, అచ్చం అదేనండీ."

నాకు పట్టరాని సంతోషం కలిగింది. "మా మాటను మాకే అమ్ముతారా అయ్యవారూ? దీనికి నూనె యాడిది? కొసరు కింద వేసేయండి" అన్నాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. సరేనండీ అన్నాడు. ఆ చూపుకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

ఇక ఆ కొసరును అరుగు మీద కూర్చుని పొద్దంతా నూరాను. జోరే, తూ ఓరా, ఇల్ ఓరా, వూజోరే. మూడో రోజు మా మూటల హమాలీ బస్తా దించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏమప్పా, పొద్దున్నుంచి ఓరే, ఓరా అంటాండావు. నేనేం చేసినా నిన్ను?" అది ఫ్రెంచి అని వాడికి నచ్చజెప్పేసరికి బెల్లం ఇవ్వాల్సి వచ్చింది. (ఆ కాలం మీద నా మొదటి నష్టం అదే.)

దొర వచ్చిన రోజు మామ నాకు కొత్త పంచె కట్టించి ముందు నిలబెట్టాడు. దుబాసి వెనక నిలబడి గోళ్లు చూసుకుంటున్నాడు. మొదటి పావుగంట నేను ఎదురులేని మొనగాణ్ణి. దొర నవ్వాడు కూడా. తర్వాత వరసగా పేర్చిన బస్తాల వైపు గొడుగు చూపించి, ఒలిచిన పప్పు ఎండబెట్టారా అని అడిగాడు. అడగక తప్పదు. ఒలవడానికి కాయను నీళ్లతో తడుపుతారు, తడి ఆరకపోతే ఓడలో సరుకు బూజు పడుతుంది. నేను మామ వైపు తిరిగి అదే అడిగాను. మామ రెండు రోజులుగా గోదాములో కాలు పెట్టలేదు. ఆకు వక్క నములుతూ, తల కూడా తిప్పకుండా, "ఎండబెట్టింటారులే, చెప్పు" అన్నాడు.

ఎండబెట్టింటారు! నా కొసరు సరుకు! గుండె ఉప్పొంగి, ఒక్క అక్షరం జారకుండా చెప్పాను, ఓఁ లేజోరా సేషే.

దొర ఆగాడు. "ఓరా?" అన్నాడు. నేను తలూపాను. "ఓరా?" అన్నాడు మళ్లీ, ఈసారి గొంతు పెంచి. నా వ్యాకరణానికి మురిసిపోతున్నాడనుకుని ఇంకాస్త గట్టిగా ఊపాను. ఆయన గొడుగు మూసి, గడగడ ఏదో అన్నాడు. వెనక నుంచి దుబాసి తేనె పూసిన గొంతుతో చెప్పాడు.

"దొరగారు అంటున్నారు, సరుకు మీది, గోదాము మీది, ఎండ మీ ఊరిది. ఎండిందో లేదో మీరే ఊహ చెబితే ఇక నేనేం కొనాలి అని."

దొర దగ్గరున్న బస్తా మూతి విప్పి మోచేతి దాకా చేయి పెట్టాడు. బయటికి తీస్తే చొక్కా చేతికి ఎర్రటి పొట్టు తడితడిగా అంటుకుని ఉంది. ఆ పొట్టు నా ముఖం ముందు ఒకసారి ఆడించి, గుంతకల్లు బండికి వెళ్లిపోయాడు. దుబాసి మాత్రం వెళుతూ వెళుతూ నా చెవిలో ఒక మాట వేసి పోయాడు. "నేనైతే 'ఎండినాయి' అనేవాణ్ణి తమ్ముడూ. మీ మామ 'ఉంటారు'లూ, దొర అనుమానాలూ పదేళ్లుగా నేనే మింగుతున్నా." ఆ ఎనిమిది ముక్కలు ఎక్కడికి పోయాయో అప్పుడు తెలిసింది.

మామ నన్ను కొట్టలేదు. కొట్టింటే బాగుండేది. "నువ్వు చెప్పిందే చెప్పినా మామా" అన్నాను. "చెప్పిందే చెప్పేవాడు వ్యాపారానికి పనికొస్తాడంట్రా?" అన్నాడు. అంతే, ఆ నోటి నుంచి మళ్లీ పుదుచ్చేరి పేరు రాలేదు. కొట్టు పెట్టాడు, అందులో దుబాసి తమ్ముణ్ణి కూర్చోబెట్టాడు.

కోపంతో కళ్లు కనపడక నేను నేరుగా అయ్యవారి ఇంటికి పోయి, మీ కాలం పుచ్చింది, వాపసు తీసుకోండని గొడవ పెట్టుకున్నాను. ఇరుగుపొరుగు గోడలెక్కి చూశారు. ఆయన తొణక్కుండా చెప్పాడు. ఫలానా వేళకు అని గుంజ పాతి కట్టేస్తే ఆ కాలం మాట ఇచ్చినట్టండీ, గుంజ లేకుండా వదిలేస్తే ఊహ అయిపోతుందండీ. మీ 'ఎండబెట్టింటారు' కూడా అంతే కదండీ.

"ఈ ముక్క ఆరోజే చెప్పొచ్చు కదా!"

"కొసరుకు కొసరు ఉండదండీ" అన్నాడు, తలుపు వేసుకుంటూ.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన ఎదురొస్తే నేను సందు మారేవాణ్ణి. ఒక మధ్యాహ్నం స్టేషన్లో బస్తాలు ఎక్కిస్తుంటే, అవతల నిలబడిన బండి కిటికీలో కనిపించాడు, ట్రంకుపెట్టెతో సహా. యానాం వెళ్లిపోతున్నాడట. నేను ముఖం తిప్పుకున్నాను. ఆయనే పిలిచాడు. "అబ్బాయిగారూ, ఒకటి మిగిలిపోయిందండీ. పోవడం, రావడం, పుట్టడం, చావడం, వీటికి ఓరా పనికిరాదు. సెరా అనాలి." నా నోరు ఊరుకోలేదు, ఎంత అని అడిగాను. బండి కదిలింది. "కొసరండీ" అని నవ్వాడు.

నేను సముద్రం చూడలేదు, ఇక చూస్తానని గుంజ పాతి చెప్పలేను. అప్పటికే ముసలివాడైన ఆ అయ్యవారి సంగతి ఎవరైనా అడిగితే 'పోయింటాడు' అంటాను. ఇల్ సెరా పార్తీ. ఇన్నేళ్లలో ఈ ఒక్క వాక్యం తప్పు లేకుండా చెప్పగలిగాను, వినడానికి దొర లేడు. దిద్దడానికి అయ్యవారు లేడు. మరి ఆ కోపం ఏమైందంటారా? ఎండింటాది. దయచేసి బస్తాలో చేయి మాత్రం పెట్టకండి.