అధికారి మీసం, భూమిలో పగులు

సూరత్‌లో కూర్చుని మూడు కిలోమీటర్ల లోతు దాకా నేలను కంటితో చూడగలిగిన మనిషి డిండోలి భుజంగరావు ఒక్కడే. సరే, కంటితో కాదు, కంప్యూటరుతో. చూపు మాత్రం ఆయనదే.

చమురు కంపెనీలో ఆయన పని, భూమి లోపలి నుంచి తిరిగొచ్చిన ప్రకంపనలతో కట్టిన బొమ్మల్లో మసక తుడవడం. ఒకసారి రాతి పొరల్లో సన్నని పగులు కనిపెట్టాడు. పై అధికారి రాజ్‌కిరణ్ అందరి ముందూ నవ్వాడు.

"పగులు కాదు రావుగారూ, మీ కళ్లజోడు మీద మురికి!"

నున్నగా చేసే ఫిల్టరు తానే వేసి పగులును చెరిపేశాడు. ఆ నవ్వు భుజంగరావు గొంతులో ముల్లులా దిగబడింది.

లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని, భార్య సీత భోజనానికి పిలిచినా లేవకుండా, పొర వెంట నున్నగా చేస్తూ పొర తెగిన చోట ఆగిపోయే ఫిల్టరు రాశాడు. పగులు గీత గీసినట్టు తేలింది. పగ మాత్రం చల్లారలేదు.

చమురు బావి ఎక్కడ తవ్వాలో తేల్చే వీడియో మీటింగులో భుజంగరావు ముందుగా రాజ్‌కిరణ్ ఫొటో పెట్టాడు. ముఖం పూరీలా నున్నగా ఉంది.

"మాస్కు పెట్టుకున్నారా?" అన్నారు కంపెనీ పెద్దసారు.

"లేదండీ. రాజ్‌కిరణ్ సారు ఫిల్టరే వేశాను. మీసాన్ని మురికనుకుని తుడిచేసింది."

అదే ఫొటోకు తన ఫిల్టరు వేస్తే మీసం చెక్కుచెదరలేదు. తర్వాత పగులు చూపించాడు. పగులును తప్పించేలా బావి చోటు మార్చారు. రాజ్‌కిరణ్ కెమెరా ఆపేసుకున్నాడు.

ఇదంతా నిజమేనా అని అడిగితే భుజంగరావు కళ్లజోడు తుడుచుకుంటూ కసురుకుంటాడు.

"శుద్ధ అబద్ధం! ఆయనకసలు మీసమే లేదండీ."