దింపుడు కళ్లం దగ్గర ఫోను

అహేరి నుంచి సిరొంచ వెళ్లే బస్సులో నా ఫోను ఆగిపోయింది. పక్క సీటతను తనది ఇచ్చాడు. బస్టాండుకు రమ్మని తమ్ముడికి చెప్పి, ఫోను తిరిగిచ్చి, ఏం చేస్తుంటారని అడిగాను.

"పెండ్లిళ్లు, చావులు లైవ్ ఇస్త సార్. కరోనల ఎవ్వర్ని రానియ్యలే గదా, అప్పుడు మొదలువెట్టిన. ఇప్పుడు రావచ్చు గని, అందరు లింకే పంపుమంటున్నరు."

"చావులు కూడానా?"

"నిన్న అంకిసల ఒక ముసలాయన పోయిండు. దింపుడు కళ్లం కాడ పాడె దించి, లేస్తడేమోనని చెవుల పిలువాలె గదా. కొడుకు అహేరిలనే ఉన్నడు, రాలే. ఫోన్‌ల పిలుస్తనన్నడు. స్పీకర్ పెట్టి ముసలాయన చెవికి ఆనిచ్చిన. జర సిగ్నల్ పోయింది. 'హలో బాపూ, ఇనవడ్తుందా?' అని కొడుకు ఒకటే అరుసుడు."

అహేరి నుంచి అంకిస ఎంత దూరమని!

"ఈ ఫోనేనా?"

"ఇదే సార్," అంటూ దాన్ని చొక్కాకు తుడుచుకున్నాడు.

తమ్ముడు వచ్చేసరికి నేను బస్టాండు నల్లా కింద చెవి కడుక్కుంటున్నాను. ఇప్పటికీ ఎవరైనా ఫోనులో "హలో, వినపడుతోందా?" అంటే నాకు నోరు పెగలదు.