నత్తగుల్లల ఆపా

ఆపా పోయిందన్న కబురు పొద్దున్నే కాలేజీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. జల్‌పల్లిలో నేను బండి బయటికి తీసేలోపే గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు. మృదుస్వభావి అని ఒకరు, అందరితో కలిసిపోయే మనిషి అని ఇంకొకరు. రాసినవాళ్లలో సగం మంది ఆమెను వెనకాల "పురుగుల పిచ్చిది" అన్నవాళ్లే. ఆపా మృదుస్వభావి కాదు. నోరు తెరిస్తే గొడ్డలి. స్టాఫ్ రూములో ఆమె పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పోయిన మనిషికి లేని గుణాలు అంటగట్టడం కూడా చాడీ చెప్పడం లాంటిదే. అందుకే ఇది కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్లు ఏమనుకున్నా సరే.

పాతబస్తీ ఆడపిల్లలకు ఆమె డిగ్రీలో జువాలజీ చెప్పింది. మాకు మేడమ్ కాదు, ఆపా, అంటే అక్క. నేను ఆమె దగ్గరే పని నేర్చుకుని, తర్వాత అదే కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. ఆమె చదువంతా నత్తల్లో బతికే చదునైన పురుగుల మీద. అదీ చలి ప్రాంతాల మంచినీటి నత్తలు. వేసవి సెలవుల్లో అందరూ పెళ్లిళ్లకు తిరుగుతుంటే ఆమె స్వెట్టర్లు మూటగట్టుకుని లద్దాఖ్ పోయేది. మంచు కరిగిన నీళ్లలో మోకాళ్ల దాకా దిగి, రాళ్ల కింద నత్తలు ఏరుకొచ్చేది.

"అంత చలిల ఏముంటయి ఆపా, ఒకటో రెండో రకాలుంటయేమో" అన్నందుకు నాకు పడిన మొదటి తిట్టు ఇప్పటికీ చెవిలో ఉంది.

"చలిల నువ్వుండవు, గంతే. నువ్వు లేకుంటే ఇంకెవ్వరూ ఉండరా?"

నత్త అంటే సరాయి, బాటసారులు దిగే సత్రం అనేది ఆమె. పక్షి రెట్టతో పురుగు గుడ్లు నీళ్లలో పడతాయి. వాటి పిల్ల నత్తలోకి దూరి, అక్కడ ఒకటి వందలవుతుంది. ఆ నత్తకు చాలాసార్లు ఇక సంతానం ఉండదు. బయటికి ఈదుకొచ్చిన వాటిలో కొన్ని చేపలోకి, కొన్ని మరో నత్తలోకి, వాటిని తిన్న పక్షిలోకి చేరతాయి. గడ్డితో పాటు గొర్రె కడుపులోకి పోయి కాలేయంలో కాపురం పెట్టేవి వేరే. పైకి చూస్తే అన్నీ ఒకే రకం నత్తలు. లోపల దిగిన ముసాఫిర్లు మాత్రం ఎవరి దారి వాళ్లది. చలి చెరువులకు వేసవిలో దేశదేశాల పక్షులు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఎవరి పురుగుల్ని వాళ్లు వెంట తెస్తాయి. తల మీద నల్లపట్టీలున్న బాతులు అక్కడ పిల్లల్ని చేసి, చలికాలం మన దిక్కు చెరువుల మీద వాలతాయి. "పురుగులు రకరకాలుగ ఉన్నయంటే గా చెరువుకు వచ్చిపొయ్యేటోళ్లు మస్తుగున్నరని. ఒక్క రకమే కండ్లవడితే నాకు ఫికరైతది" అనేది.

మైక్రోస్కోపు ముందు నన్ను కూర్చోబెట్టి వెనక నిలబడేది. నేను తల ఎత్తగానే ఒకటే ప్రశ్న. "చూసినవా, చూసిన అనుకున్నవా?" పేరు తెలియని పురుగుకు ఏదో ఒక పేరు పెడితే ఊరుకునేది కాదు. "తెల్వకుంటే తెల్వదను. నోరు అరిగిపోదు." మెచ్చుకోవడం ఆమెకు చేతనయ్యేది కాదు. పని కుదిరిన రోజున మాత్రం తన చాయ్ సాసర్‌లో సగం పోసి నా వైపు తోసేది. అదే మెచ్చుకోలని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఆమె కొట్లాటల్లో పెద్దది స్పిరిట్ కొట్లాట. నత్తల్ని ఫార్మలిన్‌లో వేస్తే చవక, లొల్లి లేదు. ఆపా వినలేదు, స్పిరిటే కావాలంది. చూడటానికి అచ్చం ఒకేలా ఉండి లోపల వేరైన పురుగులుంటాయని, వాటి జన్యువుల్ని చదివి తేడా పట్టే రోజు వస్తుందని, ఫార్మలిన్‌లో నానినవి అప్పుడు పనికిరావని ఆమె వాదన. స్పిరిట్ కూడా ఆల్కహాలే, దానికి సర్కారు అనుమతి కావాలి. ఆఫీసులో గుమాస్తా నవ్వాడు. "ఏంది మేడమ్, బార్ పెడ్తున్నరా?"

"హౌ. నువ్వు తాగి చూడు. నీ కడుపుల ఎన్ని రకాలున్నయో నేను చెప్త."

అనుమతి వచ్చింది. నవ్వులు మాత్రం ఆమె రిటైరయ్యే దాకా ఆగలేదు. ఆమె వెళ్లిన ఏడాదే ప్రిన్సిపాల్ కంప్యూటర్ల కోసం గది ఖాళీ చేయించి, నత్తల సీసాలన్నీ వరండాలో పెట్టించాడు. ఆపా, నేను ఆటోలో వాటిని ఒళ్లో పెట్టుకుని లాల్‌దర్వాజా అవతలి సందులో ఉన్న ఆమె ఇంటికి తెచ్చాం. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవర్ మీద ఆపా కేకలు. "ఇవి అండాలు గావు భాయ్, అండాలైతే మళ్ల దొరుకుతయి!"

ఆ రోజు వస్తుందన్నది, వచ్చింది. జన్యువులు చదివే ల్యాబ్ ఒకటి మా నత్తల్ని తీసుకోవడానికి ఒప్పుకుంది. ఆపా ఫోన్‌లో సంతోషపడలేదు, ప్యాకింగ్ గురించి తిట్టింది. వచ్చే ఆదివారం కట్టలు కడదామనుకున్నాం. ఆ ఆదివారం ఆమె చూడలేదు.

జనాజా లేచి మగవాళ్లు ఖబరస్తాన్‌కు వెళ్లాక ఆడవాళ్లతో పాటు ఇంట్లో కూర్చున్నాను. ఆపాతో కలిసి ఉన్నది ఆమె చెల్లెలు ఒక్కతే. మాకు ఖాలా, పిన్ని లెక్క. లేవబోతూ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను.

"ఖాలా, నత్తగుల్లలు పైలం. మూడోనాడు జియారత్‌కు వచ్చి తీస్కపోత."

"ఫికర్ నక్కో బేటీ. గుల్లలు నేను జూస్కుంట" అంది దుపట్టాతో కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు కాలేజీలో సంతాప సభ. ప్రిన్సిపాల్ ఫోటోకు దండ వేసి, ఆమె సేకరణ సంస్థకు గర్వకారణం అన్నాడు. నేను మైకు తీసుకుని, "ఆ సేకరణను వరండాలో పడేయించింది మీరే" అన్నాను. మైకు ఆగిపోయింది. కరెంటు మాత్రం పోలేదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

మూడోనాడు జియారత్‌కు అట్టపెట్టెలు తీసుకుని వెళ్లాను. ఇల్లు కడిగి ఉంది, ఫినాయిల్ వాసన. లోపల గదిలో ఖురాన్ చదువుతున్నారు. ఆపా అలమారీ ఖాళీ. సీసాలన్నీ పిట్టగోడ మీద బోర్లించి ఉన్నాయి.

"ఖాలా, సీసాలల్ల ఉన్నయేవి?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"మోరీల పోసిన బేటీ. ఖురాన్ చదివే ఇల్లు. గా షరాబ్ వాసనకు వచ్చినోళ్లు ఏమనుకుంటరు? ఆపాను బద్నాం చేస్తరు గదా."

కోపం నెత్తికెక్కింది. జీవితమంతా కాపాడుకున్నది మోరీలో పోశారే అని అరవడానికి నోరు తెరిచాను. అంతలో ఖాలా వంటింట్లోకి వెళ్లి, లేసు గుడ్డ కప్పిన పళ్లెం తెచ్చి నా చేతుల్లో పెట్టింది. గుడ్డ తీసింది. గుల్లలు. మా వాళ్లు నత్త మొత్తాన్నీ నత్తగుల్ల అంటారు. ఖాలా గుల్లంటే గుల్లే అనుకుంది. పిన్నీసుతో, పురుగులుండే లోపలి మాంసమంతా తీసేసి, పాత టూత్‌బ్రష్షుతో సబ్బు పెట్టి రుద్దింది. ఏ నత్త ఏ చెరువుదో రాసి సీసాల్లో వేసిన చీటీలు కూడా నీళ్లతో పాటే పోయాయి.

"నువ్వు పైలమన్నవ్ గదా. రొండు దినాల సంది గిదే పని. చూడు, ఒక్కటి గూడ పగల్లే" అంది ఖాలా. ఆమె వేలికొసలు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి.

తిట్టలేకపోయాను. పైన ఫ్యాన్ తిరుగుతోంది. ఆ గాలికి గుల్లలు పళ్లెంలో అటూ ఇటూ దొర్లుతుంటే, కింద పడిపోతాయేమోనని ఖాలా వాటి మీద తన చెయ్యి అడ్డం పెట్టింది.