నిదానపు పాఠకుడు

కొత్త జిల్లా వచ్చాక, మా ప్రభుత్వ గ్రంథాలయాలన్నీ కలిసి పనిచేయాలన్న మాట నంద్యాల సమావేశంలో వచ్చింది. శాఖకొకరం చొప్పున వెళ్లి పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆళ్లగడ్డ శాఖ తరఫున నేను. పుస్తకాలు ఎక్కడా చాలవు. ఉన్నవాటిలో కూడా ఒకచోట ఒకే పుస్తకానికి ఐదారు ప్రతులుంటే ఇంకోచోట ఒక్కటీ ఉండదు. పిల్లల పుస్తకాల సంగతి మరీ అధ్వాన్నం. అందుకని పిల్లల పుస్తకాలనూ, కొత్తగా వచ్చేవాటినీ అందరి ఉమ్మడి సొత్తు చేసి, ఇనప పెట్టెల్లో సర్ది, శాఖ నుంచి శాఖకు బస్సులో పంపుకుందామని నిర్ణయించాం. పెట్టె నంద్యాలలో బయలుదేరి ఆళ్లగడ్డకు వస్తుంది. ఇక్కడి నుంచి చాగలమర్రికి, అక్కడి నుంచి లోపలి ఊళ్లకు వెళ్లి, అన్నీ తిరిగి మళ్లీ నంద్యాలకు చేరుతుంది. ఏ ఊరి కార్డు ఉన్నవాళ్లయినా ఏ శాఖలోనైనా పుస్తకం తీసుకోవచ్చు.

ఆ రోజు నాకు నిజంగా సంతోషం కలిగింది. క్రీస్తును నమ్మిన మొదటి విశ్వాసులు తమకున్నదాన్ని తమదనుకోకుండా అందరూ కలిసి అనుభవించారని మా సంఘంలో చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. వినడమే గాని ఎక్కడా చూడలేదు. సర్కారు బల్ల ముందు కూర్చుని అది చూస్తున్నాననిపించింది. తిరుగు బస్సులో శిరివెళ్ల దాటేదాకా లోలోపల స్తోత్రం చెప్పుకుంటూనే ఉన్నాను.

ఒక నియమం గురించి మాత్రం కాస్త చర్చ జరిగింది. పెట్టె కదిలే రోజున అందులోని పుస్తకాలన్నీ కదలాలి. ఎవరో ఒకరు చదువుతున్నారని ఒక శాఖ ఒక పుస్తకం ఆపుకుంటే, రెండో శాఖ రెండు ఆపుకుంటుంది, మూడో ఊరికి ఖాళీ పెట్టె చేరుతుంది. ఆ మాట సబబుగానే తోచింది. అందరితోపాటు నేనూ సరేనన్నాను.

అతను మా గ్రంథాలయానికి వచ్చింది ఆ తర్వాత, వానల కాలంలో. యాభై దాటిన మనిషి. పత్రికల బల్ల దగ్గరకు పోకుండా నేరుగా నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. జుట్టులోనూ కనుబొమ్మల్లోనూ రాతి పొడి. రాతి శిల్పులకు పేరున్న ఆళ్లగడ్డలో ఆ పొడి చూస్తే మనిషి చేసే పని ఎవరూ చెప్పనక్కర్లేదు.

“అమ్మా, నువ్వు ఆ చర్చి మనిషివే గదా?”

“అవునన్నా. ఏంది సంగతి?”

“అయితే ఆ రాయి కత నీకు తెలిసే ఉంటాది. అది చెక్కింది నేనే.”

తెలుసు. మా సంఘంలో తెలియనివాళ్లు లేరు. ఒక పెద్దాయన సమాధి రాయి మీద ‘ప్రభువునందు నిద్రించిరి’ అని చెక్కమని ఆయన పిల్లలు కాగితం రాసిచ్చారు. చెక్కేటప్పుడు ‘ద’ కింద ఉండాల్సిన ర వత్తు జారిపోయింది. ‘నిదించిరి’ అయింది. ఆ ‘ద’ దగ్గర ఏదో తగ్గింది, సరిచెయ్యమని ఇంటివాళ్లు ఫోన్లో చెప్పారు. అతను ‘ని’కీ ‘ది’కీ మధ్యన ఉన్న కాస్త సందులో ఒక సున్న ఇరికించాడు. రాయి తెచ్చి నిలబెట్టి పూలదండ వేసి చూసేసరికి, ఆ పెద్దాయన ప్రభువును నిందించినట్టుగా ఉంది. ఆయన భార్య అక్కడే కూలబడిపోయింది. పరాయి మతంవాడు కావాలనే చేశాడని ఒకరన్నారు. ఆ మాటే నిలిచిపోయింది.

“కావాలని చేసినానంటాండారు. నాకు సదవనే రాదు మ్మా. నన్నట్ల అన్నారంటే నేను ఎవరికి చెప్పుకోవల్ల?”

“సదవడం రాకుండా ఇన్నేండ్లు అక్షరాలు ఎట్ల చెక్కితివన్నా?”

“బొమ్మ చెక్కినట్లే. కాయితంలో ఎట్లుంటే అట్ల. అహోబిలం సామి మూతి చెక్కాలంటే సదువు కావల్నా?” అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “నేర్పిస్తావా? ఎవురో ఒకరు రాసిచ్చింది నా కంటితో నేను సదివి, ఇది తప్పు, ఇది ఒప్పు అని చెప్పల్ల. అంతే. ఇంగేమీ వద్దు.”

పని దిగిపోయాక సాయంత్రం వచ్చేవాడు. అక్షరాలు త్వరగానే పట్టుకుంటాడనుకున్నాను, రోజూ వాటితోనే పని గదా అని. జరిగింది వేరు. అతను అక్షరాన్ని ఆకారంగా చూసేవాడు. ఒక పుస్తకంలోని ‘క’ తలకట్టు కాస్త వంగి, ఇంకో పుస్తకంలో నిటారుగా ఉంటే అతనికి అవి రెండు వేర్వేరు అక్షరాలు. పత్రిక తెరిచి చూపిస్తే తల అడ్డంగా ఊపేవాడు. “ఇది నువ్వు నిన్న చెప్పిన ‘క’ కాదు మ్మా. ఇది వేరే.” ఒకటేనని ఎంత చెప్పినా మర్యాద కోసం సరే అనేవాడే గాని, కళ్లు ఒప్పుకునేవి కావు.

చివరికి పెట్టెలో వచ్చిన ఒక పిల్లల పుస్తకం కుదిరింది. లావు అక్షరాలు, పేజీకి మూడు నాలుగు వాక్యాలు, పేజీ నిండా రంగు బొమ్మలు. కుండలమ్ముకునే ఒక ముసలమ్మ గాడిద తప్పిపోతుంది. పేజీకో ఊరు వస్తుంది. ప్రతి ఊళ్లోనూ ఆమె ‘నా గాడిదను చూశారా?’ అని అడుగుతుంది. ఆ వాక్యం మొదటిసారి తనంతట తాను చదివినప్పుడు అతను ఎంత గట్టిగా చదివాడంటే, పత్రికల బల్ల దగ్గరున్న షావుకారు ఒకాయన తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

“చూల్లేదప్పా. బస్టాండు దిక్కు పోయిందేమో పో.”

అందరూ నవ్వారు. అతను కూడా. “నవ్వండి నవ్వండి. ఇది దొరికినాక నీ అంగడి బోర్డు సదువుతా. దాంట్లో ఎన్ని తప్పులుండాయో చూస్తా.”

పేజీ దాటడానికి అతనికి చాలా రోజులు పట్టేది. నేను తొందరపెట్టలేదు. ఒకసారి ఊరికే నోరు జారి, “చివర్లో ఆ గాడిద...” అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “చెప్పొద్దు మ్మా. నేనే సదివి తెలుసుకుంటా. నాకు ఎవురూ చెప్పకుండా తెలిసేది ఇదొక్కటైనా ఉండనీ.”

పుస్తకం సగం దాటక ముందే పెట్టె కదిలే రోజు వచ్చింది.

ఇంటికి ఇచ్చి పంపుదామంటే ఉమ్మడి పుస్తకాలకు గడువు పెట్టె కదిలేదాకానే. వీధి చివర అంగడికి వెళ్లి జిరాక్స్ తీయించాను. అక్షరాలు బొమ్మల మీదికి వచ్చేలా అచ్చువేసిన పుస్తకం అది. కాగితం మీద సగం పేజీ నల్లగా మసిబారినట్టు వచ్చింది. అతను దాన్ని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో పుస్తకం ఇచ్చాను. నాలుగు రోజులు దాని ముందు కూర్చున్నాడు. “వీళ్ల అక్షరాలు వేరే మ్మా,” అన్నాడు. చాగలమర్రిలో కార్డు చూపిస్తే అదే పుస్తకం ఇస్తారని చెప్పాను. “ఇస్తారు లే. ఆడ నా పక్కన కూచునేదెవరు?” అన్నాడు.

తర్వాతి సమావేశంలో లేచి నిలబడి అడిగాను. నిదానంగా చదివేవాళ్లు కొందరుంటారు, అలాంటివాళ్ల పుస్తకాన్ని ఒక్క చుట్టు ఆపుకోనివ్వండి అని. ఎంతమంది ఉన్నారు అని అడిగారు సమావేశం నడిపే అధికారి. ఒక్కరే అన్నాను. ఆయన మంచి మనిషి. వెక్కిరించలేదు.

“ఒక్కరి కోసమా మేడం?”

“మా బైబిల్లో గొర్రెల కాపరి కథ తమరూ వినుంటారు సార్. ఒక్క గొర్రె తప్పిపోతే తక్కినవన్నీ వదిలిపెట్టి దాని కోసం పోయినాడు.”

“విన్నా. కానీ మేడం, మన దగ్గర ఆ తక్కిన గొర్లు కూడా లైబ్రరీ పన్ను కడ్తాండాయి.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. చాగలమర్రిలో ఆ పుస్తకం కోసం పిల్లలు పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నారని అక్కడి శాఖ ఆమె అంది. అది అబద్ధం కాదు. నేను కూర్చున్నాను. అందరిదీ అయినప్పుడు ఒక వస్తువు ఎవరి దగ్గరా ఆగకూడదు. అతని చదువుకు కావాల్సిందేమో అది ఆగడమే. ఈ రెంటినీ కలిపే మాట నాకు దొరకలేదు. ప్రార్థనలో అడిగాను.

కొన్నాళ్లపాటు అతను పనికి పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగేవాడు.

“యాడుండాది మ్మా నా గాడిద?”

“కోయిలకుంట్ల దిక్కు పోయిందన్నా.”

“నడుసుకుంటా పోయినా ఈపాటికి తిరిగొచ్చుండు గదా!”

ఆ మాట అనడానికి మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వచ్చేది. చలి మొదలయ్యాక రావడం మానేశాడు. ఒక సాయంత్రం అతని కూతురు వచ్చి కార్డు తిరిగి ఇవ్వబోయింది. ఊపిరితిత్తుల నిండా రాతి పొడేనని డాక్టర్లు చెప్పారట. నంద్యాల పెద్దాసుపత్రిలో పెట్టారు. కార్డు నీ దగ్గరే ఉంచు తల్లీ అని చెప్పి, ఆ రాత్రి మా సంఘం ప్రార్థన కూడికలో అతని కోసం ప్రార్థన మనవి పెట్టాను. రాయి మీద కావాలనే చేశాడని అన్న ఆయన కూడా అక్కడే ఉన్నాడు. తల వంచుకుని ఆమెన్ అన్నాడు. ఆ ఒక్కటి జరిగింది.

మరుసటి సెలవు రోజున నంద్యాల బస్సెక్కబోతూ, పెట్టె ఎక్కడుందోనని ఫోన్ చేసి అడిగాను. చుట్టు పూర్తి చేసుకుని నంద్యాలకే వచ్చిందని చెప్పారు. అతని కూతురు దగ్గర కార్డు తీసుకుని, నంద్యాలలో దిగి ముందు గ్రంథాలయానికి వెళ్లాను. ఆళ్లగడ్డ కార్డు చూసి, ఒక్క ప్రశ్న అడగకుండా పుస్తకం చేతిలో పెట్టారు. మేం అనుకున్నది అనుకున్నట్టే పనిచేసింది. ఆటోలో ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి పోతూ, దేవుడు దీన్ని తిప్పి తిప్పి ఇతని మంచం దగ్గరికే చేర్చాడు గదా అనుకున్నాను. అంతవరకే అనుకుని ఊరుకోవాల్సింది, ఇంకా ఏదో జరుగుతుందని కూడా అనుకున్నాను.

అతను దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కుకు గొట్టాలు. పుస్తకం చూడగానే గుర్తుపట్టాడు. మేం ఆగిన పేజీ తెరిచి ముందు పెట్టాను. వేలు అక్షరం మీద పెట్టాడు. “నా,” అన్నాడు. తర్వాతి అక్షరం మీదికి వేలు పోయింది గాని మాట రాలేదు. ఊపిరి అందక కాదు. చాలాసేపు దాన్నే చూశాడు.

“ఇదేంది మ్మా?”

“గా.”

“మర్చిపోయినా,” అన్నాడు. కొత్త మనిషి ఎవరో ఎదురైతే చూసినట్టు ఆ పేజీ వైపు చూశాడు. తర్వాత పుస్తకాన్ని నా వైపు తోశాడు. “నువ్వే సదువు.”

“నిదానంగా చూద్దాంలే అన్నా. నేను మళ్లా వస్తా.”

“సదువు మ్మా. ఇంగ నేను సదివేది లేదు.”

చదివాను. మిగిలిన ఊళ్లన్నీ తిరిగింది ముసలమ్మ. అన్నిచోట్లా అదే ప్రశ్న అడిగింది. అలిసిపోయి చివరికి ఇల్లు చేరేసరికి, గాడిద ఎప్పుడో వచ్చి వాకిట్లో నిలబడి ఆమె కోసం చూస్తోంది. పుస్తకం మూశాను.

“అంతేనా?”

“అంతే అన్నా.”

పక్క మంచం మనిషి కూడా వింటున్నట్టున్నాడు, “బాగుండాది,” అన్నాడు. అతను మాత్రం కిటికీ వైపు తిరిగాడు. “నేను సదివింటే ఇంగా బాగుండేదేమో,” అన్నాడు. నేను బయలుదేరేటప్పటికి కళ్లు మూసుకుని ఉన్నాడు. పుస్తకం నంద్యాలలోనే తిరిగి ఇచ్చేసి సాయంత్రం బస్సుకు వచ్చేశాను. రెండు రోజుల తర్వాత అతను పోయాడని కూతురు ఫోన్ చేసింది.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక సంఘకాపరి అయ్యగారు నన్ను ఆగమన్నారు.

“ఆసుపత్రికి పోయినావంట గదమ్మా. ఆఖరి దినాల్లో ఆ మనిషికి దేవుని వాక్యం చెప్పినావా?”

“లేదయ్యా.”

“ప్రార్థనైనా?”

“మనసులో చేసినా.”

“మరి అంతసేపు ఏం చేసినావు?”

“ఒక గాడిద కత సదివినానయ్యా. పిల్లల పుస్తకం.”

ఆయన కోప్పడలేదు. నా ముఖంలోకి చూశారు. ఆ చూపులో నా మీద జాలి ఉంది, అతని మీద కూడా ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నమ్ముతున్నదే ఆయనా నమ్ముతున్నారు. ప్రభువును నమ్మకుండా పోయిన అతను ఎక్కడికి వెళ్లాడన్న ప్రశ్నకు నేర్చుకున్న జవాబు నా దగ్గరా ఉంది, దాన్ని పైకి అనడానికి నోరు రాలేదు. ఆ గంట దేవుడిచ్చిందే. అందులో నేను వేరే ఏదైనా చదివి ఉండాల్సిందా అని ఇప్పటికీ మోకాళ్ల మీద అడుగుతూనే ఉన్నాను. అతను అడిగింది మాత్రం అదొక్కటే.

“సరే రామ్మా, ప్రార్థన చేసుకుందాం,” అన్నారు అయ్యగారు. ఖాళీ బెంచీల మధ్య ఇద్దరం తలలు వంచాం.