పథ్యం చెప్పని డాక్టరు

మా ఆయన నేల మీద కూర్చుంటే తనంతట తాను లేవలేని స్థితికి వచ్చిన ఏడాది, ఆ జబ్బు కంటే ఎక్కువగా నన్ను అరగదీసింది చారన్నం.

ఆయనకు అప్పటికి యాభై నిండలేదు. తొడల్లో సత్తువ లేదు, పక్కటెముకలు ముట్టుకుంటే నొప్పి, నడిస్తే బాతు నడక. ఏన్కూరులో ఒకరు వాతమన్నారు, ఒకరు నరాలన్నారు. చివరికి ఖమ్మంలో ఒక డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఒంట్లో ఫాస్ఫేటు బాగా పడిపోయిందని తేల్చాడు. కడుపు మంటకని ఈయన ఏళ్ల తరబడి సీసా ఎత్తి తాగిన గ్యాస్ మందే కారణమట. తిన్న తిండిలోని ఫాస్ఫేటును అది ఒంటికి పట్టనివ్వదట. సీసా మానెయ్యాలి. ఫాస్ఫేటు పొడి నీళ్లలో కలిపి రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, పప్పులు బాగా తినాలి.

"పథ్యమేం లేదు, అన్నీ తినొచ్చు" అన్నాడు డాక్టరు. ఆ చివరి మాటే మా కొంప ముంచింది.

మా అత్తగారి లెక్కలో పథ్యం చెప్పని డాక్టరు డాక్టరే కాదు. "పత్తెం లేని మందు పనిజేస్తదా? గట్లెట్ల?" అంటూ కొడుకు కంచంలో చారు, బీరకాయ తప్ప ఇంకేమీ పడనిచ్చేది కాదు. గుడ్డు వేడి, పెరుగు వాతం, చేప దోషం, పప్పు గ్యాసు. నేను ఉడికించి పెట్టి బడికి వెళ్తే, పాఠాలు చెప్పి తిరిగొచ్చేసరికి ఆ గుడ్లు ఉండేవి కావు. మా వాకిట్లో కుక్క మాత్రం ఆ నెలల్లో నిగనిగలాడింది.

పొడి తాగాక ఆయనకు విరేచనాలు పట్టుకుంటే ఆ నింద కూడా నా నెత్తినే.

"సూసినవా, గుడ్డు వెట్టి నా కొడుకు కడుపు ఖరాబ్ జేసినవ్!"

"అది పొడి వల్ల అత్తమ్మా. అట్ల అయితదని డాక్టరు ముందే చెప్పిండు."

"సదువుకున్నదానివి, నీ నోటికి నేను సాల్తనా?"

"నోరు నాదే గని, ఎముకలు మీ కొడుకువి."

మధ్యలో ఆయన మూలిగేవాడు. "నన్ను చారన్నంతోనే సావనియ్యిండ్రి గని, మీ లొల్లి ఆపుండ్రి."

రెండోసారి పరీక్ష చేయిస్తే ఫాస్ఫేటు దాదాపు అక్కడే ఉంది. ఇలాగే ఉంటే తొడ ఎముక విరిగినా ఆశ్చర్యం లేదన్నాడు డాక్టరు. మూడోసారి అత్తగారినీ బస్సెక్కించాను. ముందుగా నేనొక్కదాన్నే లోపలికి వెళ్లి, "సార్, పథ్యం లేదని మాత్రం అనకండి. మీరు తినమనేవాటినే పథ్యమని చెప్పండి" అన్నాను. ఆయన నవ్వాడు. ఆమె రాగానే మొహం గంభీరంగా పెట్టాడు.

"పెద్దమ్మా, ఈ మందుకు పథ్యం చాలా కఠినం. పూటకో గుడ్డు, రెండు పూటలా పాలు, పెరుగు, పప్పు. ఒక్క పూట తప్పినా మందు పట్టదు. ఆ గ్యాస్ మందు ముట్టుకోనే వద్దు."

"గీ ముచ్చట ముందే జెప్పాలె గద సారూ!" అని డాక్టరునే మందలించింది.

తిరుగు బస్సులో నా వంతు. "డాక్టరు గింత పత్తెం జెప్తే, అన్నీ తినొచ్చన్నడని ఇంట్ల జెప్తివి. గింత సదివి ఏం లాభం?" నాలుక చివర పది జవాబులున్నాయి. నిద్రొచ్చినట్టు కళ్లు మూసుకున్నాను.

ఆ తర్వాత గుడ్డు వద్దంటే మా ఆయనకు తిట్లు. "పత్తెం బిడ్డా, నోర్మూసుకొని తిను." నొప్పి తగ్గడానికే నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం ఆయన ఎవరినీ పిలవకుండా, గోడ పట్టుకుని, పీట మీద నుంచి లేచి నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. మేమిద్దరం చేతులు చాచి ఆగిపోయాం.

అత్తగారు ముందుగా తేరుకుంది. "ఏడికి లేస్తున్నవ్? గుడ్డు అట్లనే ఉన్నది. కూసో."

"మల్ల కూసుంటే మల్ల లేవాలె గదనే అమ్మా!"

ఆయన నావైపు చూశాడు. ఎవరి తరఫునా వాదించే ఓపిక నాకు లేదు. కూర్చున్నాడు, తిన్నాడు. ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు పట్టింది గానీ, లేచాడు.