నల్లకారు తలుపు మీది మాట

జాన్సన్ మంచివాడని ఎల్బీనగర్ సర్వీస్ రోడ్డులో ఎవరినడిగినా చెబుతారు. సగమే నమ్మండి. మంచివాడే, కాదనను. కానీ ఒక్క మనిషి విషయంలో మాత్రం పాములా పగబట్టి కూర్చున్నాడు. చర్చిలో పాస్టరు గారు శత్రువును క్షమించమన్నప్పుడల్లా అందరితో పాటు తలూపుతాడు గానీ, ఆ ఒక్కణ్ణి పక్కన పెట్టి ఊపుతాడు.

ఆ ఒక్కడు గంగాధరరావు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఫ్లాటులో జాన్సన్ తల్లి ఎలీశమ్మ వంట చేసేది. ఒకరోజు రావు భార్య విజయశ్రీ గొలుసు కనబడలేదు. రావు ఇల్లు వెతకలేదు, ఎలీశమ్మను వెతికాడు. అపార్ట్‌మెంటు గేటు ముందు, నలుగురూ చూస్తుండగా, ఆమె కూరగాయల సంచీ బోర్లించి, కొంగు దులిపించి, "దొంగ" అన్నాడు. బడి నుంచి తల్లి కోసం వచ్చిన జాన్సన్ అదంతా కళ్లారా చూశాడు. ఆ తర్వాత ఆ కాలనీలో ఒక్క ఇల్లు కూడా ఎలీశమ్మను వంటకు పిలవలేదు. గడ్డిఅన్నారం మార్కెట్లో కుళ్లిన బత్తాయిలు ఏరే పనికి కుదిరింది. మార్కెట్‌ను ఊరవతల బాటసింగారానికి మార్చేస్తే తనూ పొద్దున్నే బస్సెక్కి అక్కడికే పోతోంది.

అసలు మంట అది కాదు. కొన్నాళ్లకు సరూర్‌నగర్ రైతుబజారులో విజయశ్రీ ఎదురుపడింది. మెడలో అదే గొలుసు. ఎలీశమ్మను చూడగానే పమిట సర్దుకుని, గొలుసు కప్పేసి, పక్క వరసలోకి తప్పుకుంది. దొరికిందని చెప్పడానికి ఆ ఇంటి నుంచి ఒక్కరూ రాలేదు. చెప్పడానికి నోరెలా వస్తుంది లెండి, తిట్టడానికి వచ్చినంత తేలిగ్గా రాదు.

జాన్సన్ పెద్దవాడై కార్లకు పాలిష్ పట్టే పనిలో పడ్డాడు. మిషన్ ముట్టడు, అంతా చేత్తోనే. గీతకు అడ్డంగా గోరు నడిపిస్తాడు. గోరు తట్టుకోకపోతే గీత పైపొరలోనే ఉన్నట్టు. మెత్తటి గుడ్డకు పాలిష్ రాసి ఓపిగ్గా రుద్దితే ఇక మళ్లీ రాదు. సోమరిపోతుల దారి ఇంకొకటుంది: గీతలో మైనం నింపి తుడిచేయడం. అద్దంలా మెరుస్తుంది, సబ్బునీళ్లు తగిలేదాకా. మైనం కొట్టుకుపోతే గీత మళ్లీ తేలుతుంది. అలా చేసేవాళ్లను జాన్సన్ చెడతిడతాడు.

మొన్న శుక్రవారం సాయంత్రం ఒక నల్లకారు వచ్చి అతని ముందు ఆగింది. దిగినవాడు గంగాధరరావే. జుట్టు నెరిసింది గానీ గొంతు అదే. ఎదిగిన జాన్సన్‌ను ఆయన పోల్చుకోలేదు. తలుపు మీద అంటించిన పేపరు పీకి చూపించాడు. ఎవరో తాళంచెవితో ఇంత పెద్ద అక్షరాలతో గీశారు: దొంగ.

"చూడవయ్యా, ఎవడి పనో! ఆదివారం మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి నన్ను ప్రెసిడెంటును చేస్తున్నారు. ఈలోపు ఇది కనబడకుండా పోవాలి," అన్నాడు రావు.

"ఎవరి మీదన్న అనుమానముందా సార్?"

"ఎవరి మీదని అనుమానపడనయ్యా?"

పాపం, నిజమే. ఆయన నోట మాటపడ్డ అంతమందిలో ఎవరని తేల్చుకుంటాడు.

జాన్సన్ గోరు నడిపించాడు. ఎక్కడా తట్టుకోలేదు. కూర్చుని రుద్దితే శుభ్రంగా పోయే గీతలే. "రేపు తీస్కపోండ్రి సార్," అన్నాడు. రావు ఆటో ఎక్కి వెళ్లగానే మైనం డబ్బా మూత తీశాడు.

ఆ అపార్ట్‌మెంటు పద్ధతి అతనికి తెలుసు. ఆదివారం పొద్దున కార్లన్నీ సెల్లారులోంచి గేటు ముందుకు వస్తాయి. వాచ్‌మన్ మట్టయ్య వాటిని సర్ఫు నీళ్లతో కడుగుతాడు. జనం టీ గ్లాసులు పట్టుకుని అక్కడే కబుర్లాడుకుంటారు. అదే గేటు, అదే జనం. అక్షరాల్లో మైనం నింపుతుంటే జాన్సన్‌కు పండగ చేసుకుంటున్నట్టే ఉంది. శనివారం రావు వచ్చి, కారు చూసి మురిసిపోయి, మెచ్చుకుని మరీ తీసుకెళ్లాడు.

ఆ సాయంత్రం జాన్సన్ తల్లికి సంగతంతా చెప్పాడు. నవ్వుతుందనుకున్నాడు. ఎలీశమ్మ గరిటె పక్కన పెట్టింది.

"కారు కడిగేదెవరురా?"

"మట్టయ్య మామ."

"మరి ఆయన చేతిల గా మాట తేలితె రావు ఎవర్ని పట్టుకుంటడు? నిన్నా? కడిగినోడే మల్ల గీసిండంటడు. నన్ను నిలవెట్టిన కాడనే ఆయనను నిలవెడ్తడు."

జాన్సన్‌కు తల కొట్టేసినట్టయింది. ఆనాడు నేలమీద పడ్డ కూరగాయలు వంగి ఏరి, సంచీలో వేసి, ఎలీశమ్మ చేతికిచ్చినవాడు మట్టయ్య ఒక్కడే. పగతో కళ్లు మూసుకుపోయి ఆ మనిషినే మరిచిపోయాడు.

"అయితే ఇడిసిపెడ్దామా అమ్మా?"

"ఇడిసిపెట్టుమని నేనన్ననా?" ఎలీశమ్మ గొంతు గట్టిపడింది. "చేసేదేదో నీ మొకం చూపిచ్చి, నీ చేత్తోని చెయ్యి. నేను గుడ ఒస్త."

ఆదివారం పొద్దున తల్లీకొడుకులు చర్చికి పోలేదు, ఆ గేటు దగ్గరికి పోయారు. మట్టయ్య అప్పుడే బకెట్లో సర్ఫు కలుపుతున్నాడు. "జర ఇటియ్యి మామా, గీ కారు నేను కడుగుత," అని జాన్సన్ బకెట్ అందుకున్నాడు. రావు ఇస్త్రీ చొక్కా వేసుకుని భార్యతో మెట్లు దిగుతున్నాడు. జాన్సన్ తడిగుడ్డతో గట్టిగా రుద్దేసరికి నల్లటి తలుపు మీద ఆ మాట మొత్తం తేలింది. టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతోనే కారు చుట్టూ మూగారు.

"ఏం చేశావురా నా కారును?" రావు మీదికొచ్చాడు.

"గీసింది నేను గాదు సార్. మైనం పెట్టి దాచింది మాత్రం నేనే. ఈమె ఎలీశమ్మ, మా అమ్మ. గీ గేటు కాడనే ఆమెను మీరు గదే మాట అన్నరు. గొలుసు యాడ దొరికిందో అందరికి చెప్పుండ్రి. చెప్తె గీ గీతలు మల్ల రాకుంట నేనే రుద్దుత."

"ఏ గొలుసు? పోలీసులను పిలుస్తాను."

"పిలువుండ్రి సార్," అంది ఎలీశమ్మ. "ఆల్లకు గుడ గదే చెప్పుండ్రి."

అందరి చూపులూ విజయశ్రీ మెడ మీదికి పోయాయి. అదే గొలుసు. ఆమె చెయ్యి పమిట దాకా వెళ్లి ఆగిపోయింది. ఇంతమంది చూస్తుంటే ఏం కప్పుతుంది. "మర్నాడే దొరికింది," అంది తల వంచుకుని. "బీరువా వెనకాల పడింది. చెబితే పరువు పోతుందని ఈయన చెప్పనివ్వలేదు."

మట్టయ్య తన కుర్చీ తెచ్చి వేశాడు. ఎలీశమ్మ కూర్చుంది.

రావు వాచీ చూసుకున్నాడు. "చెప్పింది కదయ్యా. ఇక రుద్దు. మీటింగుకు అందరూ వచ్చే వేళయింది," అన్నాడు.

జాన్సన్ తల్లి వైపు చూశాడు. "రుద్దాల్నా అమ్మా?"

"రుద్దు కొడుకా. పని ఒప్పుకున్నవు గద, మంచిగ రుద్దు," అంది ఎలీశమ్మ తాపీగా. "మీటింగు అయినంక."

జాన్సన్ గుడ్డ భుజాన వేసుకుని తల్లి పక్కనే కూర్చున్నాడు. మీటింగుకు వచ్చినవాళ్లంతా ఆ కారు పక్క నుంచే లోపలికి వెళ్లారు.