తద్దినం పొద్దున దొరసాని వేసిన ముగ్గు

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. అయిదో తరగతితో బడి ఆగిపోయింది. మా పుదుచ్చేరిలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రాసేటప్పుడు రెండూ కలిసిపోతాయి. గుణింతాలు తప్పితే కోప్పడకండి. ("మాట్లాడినట్టే రాసెయ్యవే" అని మా ఆయన ధైర్యం చెబితే కూర్చున్నాను.)

ఆ రోజుల్లో, అంటే నా పెళ్ళికి ముందు, లోకమంతా సముద్రం పక్క వీధితోనే అయిపోతుందనుకునేదాన్ని. ఆ వీధిలో మేడమ్మ ఇంట్లో పని చేసేదాన్ని. మేడ మీద ఉంటుంది కాబట్టి మేడమ్మ. కింద గది ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళకు అద్దెకిచ్చేది. ఒకసారి ఒక దొరసాని దిగింది. నెలల తరబడి దేశాలు తిరిగి తిరిగి అలిసిపోయి, కాస్త ఊపిరి పీల్చుకుందామని మా ఊళ్ళో ఆగిందట. గుడికీ పోలేదు, బజారుకీ పోలేదు. తెల్లవారకముందే మెట్టు మీద కూర్చుని నేను ముగ్గు వేయడం చూసేది, అంతే. ఉప్పు గాలి మెల్లగా వీస్తూ, పసుపు గోడలు ఒక్కొక్కటీ చీకట్లోంచి బయటికొస్తూ, వేళ్ళ సందునుంచి పిండి జారుతుంటే నిద్రలోనే వేస్తున్నానా అనిపించేది. ఒకరోజు పిండి డబ్బా ఆమె చేతికిచ్చాను. ఆమె గీసిన గీత వానపాములాగా పోయింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆమె వెళ్ళిపోయే రోజే మేడమ్మ భర్త తద్దినం. అది ముగిసేదాకా ఆ ఇంటి ముందు ముగ్గు పడకూడదు. నేను వాకిట్లో నీళ్ళు మాత్రం చల్లి అరటాకుల కోసం మార్కెట్‌కు పోయాను. తిరిగొచ్చి చూస్తే ఏముంది! మెట్టు నుంచి రోడ్డు దాకా ముగ్గు. చేపలు, పడవ, మొహమున్న సూర్యుడు. ముక్కు మీద పిండితో దొరసాని నిలబడి ఉంది. నన్ను చూడగానే గబగబా వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నాకు జ్వరమొచ్చిందనుకుని, పాపం, నా పని తను చేసిపెట్టింది! ఆకులు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెరిపితే ఆమె మనసు నొచ్చుకుంటుంది. చెరపకపోతే నా ఉద్యోగం పోతుంది.

ఎదురింటి పూలమ్మే అక్క అరిచింది. "ఏందే అట్ట నిలబడినావు? తద్దినం పెట్టించే అయ్యరు వచ్చినాడు, ముగ్గు చూసినాడు, వెనక్కి తిరిగి పోయినాడు!"

(అయ్యరుకు ఇంట్లోంచి ఫోను చెయ్యొచ్చు కదా అంటారేమో. మేడమ్మ మడిలో ఉంటే ఫోను ముట్టదు.) పరుగెత్తాను. పని పోతే అమ్మకు ఏం చెప్పాలో దారంతా అల్లుకుంటూనే పరుగెత్తాను. వీధి మలుపులో అయ్యరు సైకిలు ఆపి, దిగులుగా పంచాంగం తిరగేస్తున్నాడు.

"నేనే తిథి తప్పినానా ఏందమ్మా? ఇన్నేండ్లలో ఎప్పుడూ తప్పలేదే!"

"తిథి సరిగానే ఉండాది స్వామీ. ఆ ముగ్గు దొరసానమ్మ వేసింది, తెలీక!"

"అమ్మయ్య!" అని పంచాంగం మూశాడు. "పోయి చెరిపెయ్. చెరిపినాకనే నేను లోపలికొచ్చేది."

వచ్చేసరికి మేడమ్మ గుమ్మంలో ఉంది. తడి కొంగు బిగించి ముగ్గువంక చూస్తోంది. దొరసాని చేపను చూపించి, తన గుండె మీద వేలు పెట్టి, నేనే నేనే అన్నట్టు తలాడిస్తోంది.

 మేడమ్మ తనకొచ్చిన ఇంగ్లీషంతా బయటపెట్టింది. "గుడ్! గుడ్! కమ్, కమ్!" మడి కదా, ముట్టుకోకుండా కోడిపిల్లను తోలినట్టు దొరసానిని పెరట్లో మల్లెపందిరి చూడ్డానికి తోలుకుపోయింది. పోతూ పోతూ వీపు వెనక చెయ్యి పెట్టి నాకు ఒకటే సైగ: నీళ్ళు కొట్టు!

కొట్టాను. సూర్యుడి మొహం చివరిదాకా నవ్వుతూనే కాలవలోకి పోయింది.

మధ్యాహ్నం మూట భుజానికి తగిలించుకుని దొరసాని బయటికొచ్చింది. బోసి వాకిలి చూసి ఆమె మొహం వాడిపోయింది. లోపల తద్దినం అయిపోయింది, కాకి కూడా ముద్ద తినేసింది. మేడమ్మ తనే పిండి డబ్బా తెచ్చి నాతో అంది: "ఇప్పుడు వెయ్యమని చెప్పవే. ఇప్పుడైతే వెయ్యొచ్చు."

ఎట్లా చెప్పను? డబ్బా ఆమె చేతిలో పెట్టి నేల చూపించాను. ఆటోవాడు "బస్సు పోతాది అక్కా!" అని మొత్తుకుంటున్నాడు. ఆమె మూట దించి, ఎండలో కూర్చుని, మళ్ళీ మొదటి చేప మొదలుపెట్టింది.

ఆమె ఇప్పుడు ఏ దేశంలో ఉందో. నాకు మాత్రం, అరటాకులు గుండెకు హత్తుకుని అమ్మకు చెప్పాల్సిన మాటలు అల్లుకుంటూ పరుగెత్తే ఆ పిల్ల గుర్తొస్తుంది. ఆపి, "మెల్లగా పోవే, ఏం కాదులే" అని చెప్పాలనిపిస్తుంది. ఎట్లాగూ వినదు.

ఇంతే నాకు తెలిసింది. తప్పులుంటే మీ ఇంటి పిల్ల రాసిందనుకుని మన్నించండి.